ధరణికోట రేవు, విద్యుత్తు గాదె

పల్నాడు జిల్లాలో కృష్ణానది కుడిగట్టున, అమరావతిని ఆనుకొని ధరణికోట గ్రామమున్నది. ప్రాచీన ధాన్యకటకము ఇదియేయని చరిత్రకారులు నిర్ణయించినారు. 1962 మొదలుకొని 1965 వరకు భారత పురావస్తుశాఖవారు ఇచ్చట జరిపిన త్రవ్వకములలో పడవల రాకపోకలకై మనుష్యులు త్రవ్విన కాలువయు, దాని ప్రక్కన సరకులు దింపుకొనుటకు కట్టిన రేవును బయల్పడినవి. సుమారు రెండువేల ఏండ్లకు పూర్వము ఈ ఊరు గొప్ప వర్తకస్థానమై యుండెననుటకు ఆ రేవు సాక్ష్యము.

నది చెంతనే ఉండగా వేరుగా కాలువ ఎందులకు? పడవ సరకు దింపవలెనన్న నదిలోని నీరంతయు అక్కరకు రాదు. అక్కరకు వచ్చునది ఒడ్డు. ఒక ఊరికి సహజముగా ఉండు ఒడ్డు కొద్దియే. ఊరి దాపునకు కాలువ తెచ్చినచో దానికి ఇరుప్రక్కల కొత్త ఒడ్డు ఏర్పడును. ఊరి విస్తీర్ణము పెరుగకయే రేవు పెరుగును. ఒక్కసారిగా నిలువగల పడవల సంఖ్యయు పెరుగును.

విద్యుత్తును నిలువచేయు పదార్థములను గూర్చియు, నీటినుండి ఉదజనిని వేరుచేయు పదార్థములను గూర్చియు నేడు ప్రపంచమంతట జరుగుచున్న పరిశోధనలో ముఖ్యభాగము ఈ ఒడ్డును పెంచుటకు సంబంధించినదే. అచ్చట ఒడ్డు అనగా ఘనపదార్థమును ద్రవమును కలిసికొను తలము. పని జరుగునది ఆ తలముమీదనే. దానిని పెంచుటకై పదార్థమును నానోమీటర్ల ప్రమాణమున మలచుచున్నారు. మీటరులో నూరుకోట్లవ వంతునకు నానోమీటరు అని పేరు. అట్లు మలచిన పదార్థములను నానో పదార్థములందురు.

గాదె యొక్క అవసరము

పంట చేతికి వచ్చునది ఏడాదికి ఒకటి రెండు మారులే. అన్నము మాత్రము ప్రతిదినము కావలెను. అందుకే గాదెలు, పాతరలు పుట్టినవి. విద్యుత్తు విషయము ఇంకను క్లిష్టమైనది. తీగలలో ప్రవహించు విద్యుత్తును ఉత్పత్తియైన క్షణమందే వాడుకొనవలెను. సూర్యకాంతినుండి వచ్చు విద్యుత్తు మధ్యాహ్నము పొంగిపొరలును. ఇండ్లలో దీపములు, పంకాలు, వంటగది యంత్రములు కలిసి విద్యుత్తును కోరునది సాయంకాలము. సూర్యుడు క్రుంకిన వెనుక ఆ కొరతను తీర్చుటకు బొగ్గును కాల్చవలసి వచ్చుచున్నది.

ఈ చిక్కునకు నీటితో చేసిన గాదె కృష్ణమీదనే ఉన్నది. నాగార్జునసాగరమునందలి ప్రధాన విద్యుత్కేంద్రములో ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల శక్తిగల ఏడు యంత్రములు రెండువైపుల తిరుగగలవి. నీరు క్రిందికి దిగునప్పుడు అవి విద్యుత్తునిచ్చును. విద్యుత్తు మిగిలినప్పుడు అవియే పంపులై నీటిని తిరిగి జలాశయములోనికి ఎక్కించును. దిగిన నీరు నదిలో పడి పోకుండ నిలుపుటకు పల్నాటిలోని సత్రశాలవద్ద ఒక ఆనకట్టను కట్టినారు.

ఐతే ఈ పద్ధతికి కొండలు, లోయలు, జలాశయములు కావలెను. ఒక టన్ను నీటిని నూరు మీటర్ల ఎత్తునకు ఎక్కించినను అందు దాగు శక్తి పావు యూనిటుకు కొంచెము ఎక్కువ మాత్రమే. అంత శక్తిని కిలోకు ఇంచుక మించిన లిథియం బ్యాటరీ తనలో ఇముడ్చుకొనగలదు. ఆటోరిక్షాకు గాని, బస్సుకు గాని, ఇంటి కప్పుమీది సౌరఫలకమునకు గాని జోడింపదగిన గాదె రసాయనికమైనదే.

ఘనమును ముక్కలు చేసినచో

నానో ప్రమాణమునకు దిగినందువలన కలుగు లాభమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. ఒక్కొక్క అంచు ఒక సెంటీమీటరు గల ఘనమును తీసికొందము. దానికి ఆరు ముఖములు. మొత్తము తలము ఆరు చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక మిల్లీమీటరు అంచుగల ఘనములుగా కోసినచో వేయి ముక్కలగును. వాటి తలములన్నియు కలిసి 60 చదరపు సెంటీమీటర్లగును. పదార్థము ఇంచుకయు పెరుగలేదు; తలము మాత్రము పది రెట్లయినది. ముక్క అంచు పది నానోమీటర్లు అగువరకు కోయగలిగినచో మొత్తము తలము 600 చదరపు మీటర్లగును. మన లెక్కలో చెప్పవలెనన్న సుమారు పదునైదు సెంట్ల భూమి. చిటికెడంత పదార్థములో ఒక ఇంటిస్థలము, దాని పెరడు ఇమిడిపోయిన వన్నమాట.

ముక్కలు చేయుట ఒక మార్గము. ధరణికోటవారు చేసినట్లు లోపలికి కాలువలు త్రవ్వుట రెండవ మార్గము. పదార్థములో కంటికి కానరాని రంధ్రములను పుట్టించినచో బయటి కొలత మారకుండనే లోపలి గోడలన్నియు తలమగును. ఉత్తేజిత కర్బనము అనబడు బొగ్గులో ఒక గ్రామునకు 1500 చదరపు మీటర్ల తలముండుట సాధారణము. ఇది సుమారు 37 సెంట్లు.

సీసము నేర్పిన పాఠము

నానో అను మాట పుట్టకముందే ఈ సూత్రము ఆచరణలోనికి వచ్చినది. శాతవాహనుల కాలమున ఆంధ్రదేశములో సీసపు నాణెములు చెలామణిలో ఉండెడివి. ఆ సీసమే పందొమ్మిదవ శతాబ్దమున విద్యుత్తునకు మొదటి గాదెయైనది. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగులకుండ చుట్టి, నీరు కలిపిన గంధకికామ్లములో ముంచి, వాటిగుండ విద్యుత్తును పంపినాడు. కొంత విద్యుత్తు నిలువయైనది గాని అది స్వల్పము. రేకు నునుపుగా ఉండుటచే ఆమ్లమునకు తగులు తలము కొద్దిగా ఉండుటయే దానికి కారణము.

ప్లాంటే విసుగు చెందక విద్యుత్తును నింపుచు, తీయుచు పోయినాడు. ప్రతి ఆవృత్తిలోను సీసపు ఉపరితలము కొంత కరిగి, మరల పేరుకొని, క్రమముగా స్పంజివలె గుల్లబారినది. నిలువ సామర్థ్యము పెరిగినది. 1881లో కమీల్ ఫోర్ అను నాతడు ఈ శ్రమను తప్పించి, సీసపు ఆక్సైడులను ముద్దగా చేసి రేకులకు పూసినాడు. నేడు మోటారు బండ్లలోను, ఇండ్లలోని ఇన్వర్టర్లలోను ఉన్న బ్యాటరీలలోనిది గుల్లబారిన సీసమే. నునుపైన రేకు కాదు. తలము పెరిగినచో గాదె పెరుగుననుటకు ఇది తొలి నిదర్శనము.

లంగరు వేసిన అయానులు

ఉప్పును నీటిలో కరగించినచో అది ధనావేశముగల సోడియం అయానులుగను, ఋణావేశముగల క్లోరిన్ అయానులుగను విడిపోవును. ఈ ద్రావణములో రెండు కర్బన ఫలకములను ముంచి బ్యాటరీకి తగిలించినచో, ఋణఫలకము చెంతకు సోడియం అయానులు, ధనఫలకము చెంతకు క్లోరిన్ అయానులు చేరి వరుసలు తీరును. ఫలకములోని ఆవేశమునకు, ద్రావణములోని అయానులకు నడుమ ఎడము ఒక నానోమీటరైనను ఉండదు. ఈ జంట వరుసలను గూర్చి జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్ 1853లోనే వ్రాసినాడు. 1957లో అమెరికాలో గుల్లబారిన కర్బనముతో ఇట్టి నిలువసాధనము చేయుటకు పేటెంటు లభించినది. దీనికే తరువాత సూపర్ కెపాసిటర్ అను పేరు స్థిరపడినది.

ఇందు రసాయనిక మార్పేదియు లేదు. పడవలు రేవునకు వచ్చి లంగరు వేయును. పిలుపు రాగానే త్రాడు విప్పుకొని పోవును. అందుచేత క్షణములలో నింపవచ్చును, క్షణములలో తీయవచ్చును. లక్షల పర్యాయములు నింపి తీసినను ఫలకము అంతగా చెడదు.

దీని ధారితను లెక్కకట్టుట సులభము. ఇట్టి తలమునకు ఒక చదరపు సెంటీమీటరునకు సుమారు పది మైక్రోఫారడ్ల ధారిత ఉండును. గ్రాము కర్బనమునకు 1500 చదరపు మీటర్లు, అనగా కోటిన్నర చదరపు సెంటీమీటర్లు ఉన్నచో ధారిత సుమారు 150 ఫారడ్లగును. ఇంటిలోని పైకప్పు పంకాకు వాడు కెపాసిటర్‌లో ఉండునది రెండు మూడు మైక్రోఫారడ్లే! అయితే పంకా కెపాసిటర్ వందల వోల్టులకు ఓర్చును. నీటిలో పనిచేయు కర్బన ఫలకము సుమారు ఒక వోల్టుకు మించి ఓర్వలేదు. అంతకు మించినచో నీరే విడిపోనారంభించును. నిలువయగు శక్తి వోల్టుల వర్గమును అనుసరించి ఉండును గనుక ఈ పరిమితి చిన్నది కాదు.

మరియొక నియమమున్నది. రంధ్రము అయానుకన్న ఇరుకైనచో గోడలెన్ని ఉన్నను వ్యర్థమే. నీటి అణువులను చుట్టుకొని వచ్చు అయానునకు నానోమీటరులో ఏడెనిమిది పదవ వంతుల వెడల్పైనను కావలెను. అన్నియు సన్నని రంధ్రములే ఐనచో అయానులు లోనికి చేరుట ఆలస్యమగును. అన్నియు పెద్దవైనచో తలము తగ్గిపోవును. సాగర్ కుడికాలువనుండి మేజరు కాలువలు, వాటినుండి మైనర్లు, వాటినుండి చేలలోని బోదెలు చీలినట్లు పెద్ద రంధ్రములనుండి చిన్న రంధ్రములు చీలి యుండుట ఉత్తమము. కర్బన పదార్థములను తయారుచేయువారి నేర్పు అంతయు ఈ అమరికలోనే ఉన్నది.

పత్తిపీచు, సముద్రజలము

హైదరాబాదు శివారున బాలాపూరులో, ఏ.ఆర్.సి.ఐ. అని వ్యవహరింపబడు పరిశోధన కేంద్రమున్నది. చూర్ణలోహములను, కొత్త పదార్థములను గూర్చి పరిశోధించుటకై కేంద్రప్రభుత్వ విజ్ఞాన, సాంకేతిక విభాగము క్రింద 1997లో స్వయంప్రతిపత్తిగల సంస్థగా ఇది ఏర్పడినది. ఇచ్చటి నానో పదార్థముల విభాగమున టాటా నరసింగరావు, మణి కార్తీక్ మున్నగు శాస్త్రజ్ఞులు మిల్లులలో వ్యర్థమగు పత్తినుండి సూపర్ కెపాసిటర్ ఫలకములు చేసినారు. ఆ ఫలితములు 2021లో వెల్లడియైనవి.

పత్తిపీచు దాదాపుగా అంతయు సెల్యులోజే. సెల్యులోజులో కర్బనము, ఉదజని, ఆమ్లజని ఉన్నవి. గాలి తగులకుండ కాల్చినచో ఉదజనియు ఆమ్లజనియు ముఖ్యముగా నీటియావిరియై వెడలిపోవును, కర్బనము మిగులును. బొగ్గుబట్టీలో కట్టె బొగ్గగుటయు ఈ విధముననే. పత్తిపోగు సహజముగనే సన్నని గొట్టము. కాలిన పిదప గూడ ఆ ఆకారము కొంతవరకు నిలుచును. ఇట్టి బొగ్గును సుమారు 800 లేక 900 డిగ్రీల వేడిమిలో నీటియావిరితో గాని, మరియొక ద్రవ్యముతో గాని తాకించినచో అది కర్బనమును అక్కడక్కడ కొరికివేసి రంధ్రములను పుట్టించును. ఉత్తేజితము చేయుట యనగా ఇదియే.

ఈ పరిశోధనలోని రెండవ విశేషము ద్రావణము. సాధారణముగా ఇట్టి సాధనములలో ఘాటైన ఆమ్లమును గాని, క్షారమును గాని, మండు స్వభావముగల కర్బన ద్రవములను గాని వాడుదురు. ఏ.ఆర్.సి.ఐ. వారు సముద్రపు నీటినే వాడినారు. లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు కరగియున్న ఆ నీటిలో కావలసిన అయానులు సిద్ధముగనే ఉన్నవి. పదివేల పర్యాయములు నింపి తీసిన తరువాత గూడ సాధనము మొదటి ధారితలో నూటికి 99 వంతులు నిలుపుకొన్నదని వారు ప్రకటించినారు. దానిని సౌరఘటముతో జోడించియు చూచినారు.

పల్నాడు పత్తికి పేరుపడిన సీమ. పత్తి తీసిన తరువాత కట్టెను పీకి చేనిలోనే తగులబెట్టుట రైతులలో పరిపాటి. పత్తికట్టెనుండియు ఉత్తేజిత కర్బనము వచ్చునని పెక్కు దేశములలో ప్రయోగములు నిరూపించినవి. కాని పీచునకు, కట్టెకు భేదమున్నది. కట్టెలో లిగ్నిను, బూడిదనిచ్చు ఖనిజములు హెచ్చు, వాటిని కడిగివేయవలెను. చెదరియున్న కట్టెను పోగుచేసి బట్టీకి చేర్చుటకగు కూలి, బండికిరాయి లెక్కలోనికి రావలెను. ప్రయోగశాలలో గ్రాము చొప్పున సాధించిన గుణమును టన్నుల లెక్కన ఒకే తీరుగ నిలుపుట ఇంకను కష్టతరము. ఆ లెక్క కుదిరిననాడే చేనిలో కాలిపోవు కట్టెకు ధర పలుకును.

గోదాములోనికి పోవు అయానులు

సూపర్ కెపాసిటర్ రేవువంటిదైనచో లిథియం బ్యాటరీ గోదామువంటిది. ఇచ్చట అయానులు ఒడ్డున ఆగవు. స్ఫటికము లోపలికి పోయి పొరల నడుమ నిలుచును. అందుచేత నిలువ చాల ఎక్కువ. వాడుకలోనున్న సూపర్ కెపాసిటర్ కిలోకు ఐదునుండి పది వాట్‌గంటల శక్తిని దాచగా, సీసపు బ్యాటరీ 30 లేక 40, లిథియం బ్యాటరీ 150 మొదలు 250 వరకు దాచును. ఈ బ్యాటరీలకు మూలమైన కృషికి గాను విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినో అను మువ్వురికి 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

గుడినఫ్ బృందము 1997లో ప్రకటించిన ఇనుప ఫాస్ఫేటు ఎలక్ట్రోడు నానో ప్రమాణపు ప్రయోజనమునకు చక్కని ఉదాహరణ. అందలి ఇనుము, ఫాస్ఫరసు చవుకైనవి. వేడికి త్వరగా చెడని గుణమున్నది. కాని దానిలో ఎలెక్ట్రానులు సులభముగా ప్రసరింపవు. లిథియం అయానులు సన్నని సొరంగములవెంట ఒకే దిక్కున కదలవలెను. నడుమ ఎక్కడనైన అడ్డు తగిలినచో, ఇరుకు కాలువలో పడవ మునిగినట్లు, వెనుకనున్నవన్నియు ఆగిపోవును.

దీనికి చేసిన చికిత్స రెండు విధములు. మొదటిది కణమును చిన్నది చేయుట. అయాను లోపలికి చేరుటకు పట్టు కాలము దూరపు వర్గమును అనుసరించును. పది మైక్రోమీటర్ల కణమును నూరు నానోమీటర్లకు తగ్గించినచో దూరము నూరవ వంతగును. కాలము పదివేలవ వంతగును. రెండవది కణమునకు పలుచని కర్బనపు పూత వేయుట. అది ఎలెక్ట్రానులకు బాట. కర్బనపు పూతగల ఈ పదార్థమును తయారుచేయు పద్ధతిని ఏ.ఆర్.సి.ఐ.లోను రూపొందించినారు.

నీటిని చీల్చు తలము

నెలల తరబడి దాచవలెనన్నను, ఎరువుల కర్మాగారములకు, ఉక్కు కొలుములకు అందింపవలెనన్నను బ్యాటరీ చాలదు. అప్పుడు విద్యుత్తును ఉదజనిగా మార్చవలసియుండును. నీటిలో విద్యుత్తును పంపి ఉదజనిని, ఆమ్లజనిని వేరుచేయవచ్చునని 1800లోనే నికల్సన్, కార్లైల్ అను ఇంగ్లీషువారు చూపినారు. సూత్రము ప్రకారము 1.23 వోల్టులు చాలును. వాస్తవముగా యంత్రములకు 1.8 మొదలు 2 వోల్టుల వరకు కావలసి వచ్చుచున్నది. మిగిలిన వోల్టులలో అధికభాగము వేడిగా పోవు సుంకము.

ఈ సుంకమును తగ్గించునది విద్యుదుత్ప్రేరకము. విద్యుత్తు సాయమున ఎలక్ట్రోడు తలముమీద జరుగు రసాయనిక చర్యను, తాను వ్యయము కాకుండ, త్వరపరచు పదార్థమునకు ఈ పేరు. మంచి ఉత్ప్రేరకము ఎట్లుండవలెనో 1912లో నోబెల్ బహుమానమందిన ఫ్రెంచి రసాయనికుడు పాల్ సబాటియే భావము వలన తెలియును. అది వచ్చిన అణువును పట్టుకొనవలెను. కాని గట్టిగా కాదు. రేవులో పడవను కట్టు త్రాడు మరీ వదులైనచో పడవ కొట్టుకొనిపోవును. ముడి మరీ బిగిసినచో విప్పుట సాధ్యము కాక రేవు నిండిపోవును, రెండవ పడవకు చోటుండదు. ఉదజని విషయమున ప్లాటినముపట్టు సరిగా నప్పినది.

ప్లాటినము మిక్కిలి ఖరీదైనది. అందుచే దానిని రెండు మూడు నానోమీటర్ల రేణువులుగా చేసి కర్బనముమీద చల్లుదురు. మూడు నానోమీటర్ల రేణువులో మూడవ వంతుకు పైగా పరమాణువులు ఉపరితలమునందే ఉండును. లోపల పనిలేక కూర్చున్నవి తగ్గును. ఆమ్లజని పుట్టు ధనధ్రువమువద్ద కష్టము ఇంకను హెచ్చు. అచ్చట ఒక ఆమ్లజని అణువు ఏర్పడుటకు నాలుగు ఎలెక్ట్రానులు ఒకదాని వెంట ఒకటి తొలగవలెను. ఆమ్ల మాధ్యమములో దీనికి తట్టుకొని నిలుచునది ఇరిడియం ఆక్సైడు. ఇరిడియం ప్రపంచమంతట ఏటా లభించునది ఏడెనిమిది టన్నులే. కనుక ప్రపంచమునకంతటికి సరిపడు యంత్రములను ఈ లోహముపై ఆధారపడి కట్టుట కుదరదు.

అందుకే సామాన్య లోహములను వెదకుచున్నారు. క్షార మాధ్యమములో నికెలునకు కొంత ఇనుము చేర్చినచో ఆమ్లజనిని వెలువరించు చురుకుదనము బహుళముగ పెరుగును. యంత్రములలో కందెనగా వాడు మాలిబ్డినం సల్ఫైడు మరియొక ఉదాహరణ. ఇది పొరలు పొరలుగా ఉండు ఖనిజము. 2007లో డెన్మార్కునందలి శాస్త్రజ్ఞులు దానిని నానో పలుకులుగా పెంచి పరీక్షించినారు. ఉదజని పుట్టు వేగము పలుకుల వైశాల్యమును అనుసరించలేదు. వాటి అంచుల పొడవును అనుసరించినది. అనగా పొర నడిమిభాగము నిద్రించుచుండ, అంచు మాత్రము పనిచేయుచున్నది. ఒడ్డే ప్రధానమనుటకు ఇంతకన్న ప్రత్యక్ష నిదర్శనము కానరాదు.

పుడిమడక లెక్క

వోల్టులో పదవ వంతు తగ్గించుటకై ఏండ్లతరబడి శ్రమించుట దేనికని తోచవచ్చును. అనకాపల్లి జిల్లాలోని పుడిమడకవద్ద నిర్మింప తలపెట్టిన హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. దినమునకు 1500 టన్నుల ఉదజనిని ఉత్పత్తి చేయవలెనని దాని సంకల్పము.

ఒక కిలో ఉదజనిని వేరుచేయుటకు కావలసిన విద్యుదావేశము స్థిరమైనది. దానిని ఎవరును తగ్గింపలేరు. ఆ ఆవేశమును ఒక్క వోల్టుతో పంపుటకు 26.6 యూనిట్లు పట్టును. 1.9 వోల్టులతో పంపినచో కిలోకు సుమారు 50 యూనిట్లు. అప్పుడు 1500 టన్నులకు దినమునకు ఏడున్నర కోట్ల యూనిట్లు కావలెను. మేలైన ఉత్ప్రేరకము వలన వోల్టులో పదవ వంతు తగ్గినదనుకొందము. కిలోకు 2.66 యూనిట్లు మిగులును. దినమునకు దాదాపు 40 లక్షల యూనిట్లు. నెలకు వంద యూనిట్లు వాడు కుటుంబమునకు ఇది నలుబదివేల నెలల వాడుక. అంతయు ఒక్కనాటి ఆదా. కంటికి కానరాని అంచులను వెదకు పరిశోధకుల శ్రమకు గల విలువ ఇది.

చిన్నదైనంత మాత్రమున

నానో ప్రమాణమునకు దిగినచో కష్టములన్నియు తీరునని భావించుట సరికాదు. తలము పెరిగినచో కోరిన చర్యతోపాటు కోరని చర్యయు పెరుగును. సముద్రపు నీటిలో వోల్టులు హద్దు మీరినచో క్లోరిను వెలువడును. లోహపు భాగములు తినిపోవును. చిన్న రేణువులు ఒకచోట స్థిరముగ నిలువక కాలక్రమమున కలిసి పెద్దవగును. అప్పుడు సంపాదించిన తలమంతయు పోవును. కాలువకు పూడిక ఎట్టిదో ఎలక్ట్రోడునకు ఇది అట్టిది. మిక్కిలి గుల్లగా ఉన్న పదార్థము తూకములో తేలికయైనను చోటు ఎక్కువ ఆక్రమించును. అతి సన్నని పొడులను పీల్చుట ఊపిరితిత్తులకు హాని. కర్మాగారములో జాగ్రత్త తప్పనిసరి.

కనుక కొత్త పదార్థమును గూర్చిన వార్త వెలువడినపుడు పాఠకులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. మొదటిది, గొప్పగా చెప్పిన ఆ సంఖ్య ఫలకమునందలి ఒక్క పదార్థమునకు చెందినదా, లేక రేకు, ద్రావణము, డబ్బాతో కూడిన సాధనమంతటికి చెందినదా? పదార్థపు తూకము సాధనపు తూకములో కొంతభాగమే గనుక ఈ రెండింటికి భేదము పెక్కు రెట్లుండును. రెండవది, ఎన్ని పర్యాయములు నింపి తీసినారు, ఎన్ని గంటలు ఎడతెగక నడిపినారు? ఒక్కనాటి చురుకుదనముకన్న పదివేల గంటల ఓర్పు విలువైనది. మూడవది, ఆ పదార్థము దొరకు తావేది, దానిని టన్నులలో తయారుచేయుటకగు వ్యయమెంత?

పత్తిపీచుతో చేసిన ఫలకము రెండవ ప్రశ్నకు పదివేల పర్యాయముల జవాబు చెప్పినది. మూడవ ప్రశ్నలోని మొదటి సగమునకు పల్నాటి చేలు, గుంటూరు ప్రాంతపు మిల్లులు జవాబు చెప్పగలవు. మొదటి ప్రశ్నయు, మూడవదానిలో మిగిలిన సగమును ఇంకను తేలవలసియున్నవి. వాటిని తేల్చుట ప్రయోగశాలల పని మాత్రమే కాదు. బట్టీ వేయువాడు, మిల్లు నడుపువాడు, కట్టెను అమ్మజూపు రైతు కూడ ఆ లెక్కలో పాలుగొనవలెను.